మా అత్త చూపించిన మునియప్ప

పొద్దున కాఫీ తాగుతుంటే ఫోన్ మోగింది. నేను హోసూరులో మా కొడుకు ఇంట్లో ఉన్నాను. ఫోన్ చేసింది నా భార్య. వాళ్ళమ్మకు ఒంట్లో సత్తువ తగ్గిందని కృష్ణగిరి పక్కన మా ఊరికి పోయి కొన్నాళ్ళుగా అక్కడే ఉంటోంది.

"అమ్మ పోయింది," అంది.

"ఎట్ల?"

"రాత్రి సంగటి తిని పండుకొనె. పొద్దున లేపితే లేయలే. అంతే."

"నొప్పి అనిందా? మూలిగిందా? బాగా అడిగి చెప్పు."

"ఎవుర్ని అడిగేది? నేను పక్కలోనే ఉంటి. ఏమీ లేదు. పొద్దున్నే వేసుకోవల్లని ఆకువక్క మడిచి దిండు పక్కన పెట్టుకొని ఉండాది. మొగంలో ఒక్క గీత లేదు."

"అమ్మయ్య," అన్నాను నేను. పైకే అన్నాను. మా కొడుకు, కోడలు ఇద్దరూ నా మొహంలోకి చూశారు. అత్త చచ్చిపోయిందని చెబితే అమ్మయ్య అనే అల్లుడు ఎలాంటివాడని మీరూ అనుకుంటారు. అనుకోండి. ఎవరేం అనుకుంటారో అని నేను ఎప్పుడూ బతకలేదు. కానీ ఆ మాట ఎందుకు అన్నానో చెప్పకుండా పోతే మా అత్తకు మర్యాద కాదు. అందుకే ఇది రాస్తున్నాను. నాకు చదువు అంతంత మాత్రం. రాతి మీద పేర్లు చెక్కాలని అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. కాగితం మీద నా చెయ్యి బరువుగా నడుస్తుంది. ఓపిక పట్టండి.

ఆమె నాకు మేనత్త, మా నాయనకు చెల్లెలు. ఉద్దనపల్లిలో పుట్టి, కృష్ణగిరి పక్కన ఏటి ఒడ్డు ఊరికి కోడలుగా పోయింది. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే, నన్ను చంకనేసుకుని తన ఊరికి తీసుకుపోయి పెంచింది. పెద్దయ్యాక తన ఒక్క కూతుర్నీ నాకే ఇచ్చింది. కాబట్టి అన్నం పెట్టేటప్పుడు మేనత్త, తిట్టేటప్పుడు అత్తగారు. ఇంట్లో "ఒరే" అనేది. పదిమంది ఉంటే "అల్లుడప్పా" అనేది. ఆ రెండో పిలుపు వినబడితే నాకు గుండె జారేది. దాని వెనక ఏదో చాకిరీ ఉండేది.

ఇంట్లో ప్రతిదానికీ ఆమె పేరు పెట్టింది. మేకలకు పెట్టడం వింత కాదు. రోలుకు పేరు, తిరగలికి పేరు, వాకిట్లో కాలికి తగిలే గుండ్రాయికి పేరు. పనిలోకి దిగే ముందు ఆ పేరుతో పిలిచేది. "రాయైనా సరే, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తాది," అనేది.

"నేను పొద్దస్తమానం రాళ్ళతోనే ఉండాను అత్తా. ఒక్కటీ తిరిగి చూడలే," అన్నాను ఒకసారి.

"నువ్వు సుత్తితో పిలుస్తా ఉండావు. యాడ చూస్తాది?"

ఆమెతో మాటల్లో గెలిచినవాణ్ణి నేను చూడలేదు.

మా ఊళ్ళో ఏటి పక్క చింతతోపులో మునియప్ప ఉండేవాడు. గుడి లేదు, గోపురం లేదు. ఒక రాతి విగ్రహం. కాళ్ళు మడిచి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం మూసుకుని కూర్చుని ఉంటాడు. చెవులు భుజాల దాకా సాగి ఉంటాయి. ముక్కు లేదు. ఎప్పుడు విరిగిందో, ఎవరు విరగ్గొట్టారో మా తాతలకు కూడా తెలియదు. కోడిని కోస్తాం, వేటపోతును కొడతాం, చుట్ట వెలిగించి ముందర పెడతాం. మా ఇళ్ళలో పిల్లకు తలనొప్పి వచ్చినా, మేక తప్పిపోయినా ఆయనకే చెప్పుకునేది.

ఆ ఏటికి ఆనకట్ట కడుతున్నారంటే నేనూ రాయి కొట్టే పనికి పోయాను. అప్పటికి నాకు పెళ్ళై ఏడాది కాలేదు. చేతిలో పని ఉన్నవాణ్ణి, ఒళ్ళు బలం ఉన్నవాణ్ణి. పెద్ద మేస్త్రీ కూడా నా రాయికి వంక పెట్టేవాడు కాదు. అలాంటివాణ్ణి విషజ్వరం పట్టి పడేసింది. ఒళ్ళు తెలియకుండా పోయింది. గంజి దిగలేదు. కృష్ణగిరి నుంచి వచ్చిన డాక్టరు చెయ్యి చూసి, మా మామను బయటికి పిలిచి ఏదో చెప్పి పోయాడట. మా అత్త ఆ చీకట్లోనే చింతతోపుకు పోయి మునియప్ప ముందర కూర్చుంది. ఆమె మొక్కిన మాటలు ఇవి. తరువాత ఎన్నిసార్లు చెప్పిందో, నాకు నోటికి వచ్చేశాయి.

"మునియప్పా, వీణ్ణి నాకు ఇడిసిపెట్టు. వీని తల వెంట్రుక, గడ్డం నీది. నీ ఎదురుగా కూచోబెట్టి తీయిస్తా."

నేను బతికాను. కానీ లేచి నాలుగడుగులు వేసేసరికి నెలలు గడిచాయి. ఆలోపు ఆనకట్ట పని ముగిసింది, నీళ్ళు నిలిచాయి. ఊరు ఊరంతా ఎత్తు గడ్డ మీదికి ఎక్కింది. చింతతోపు మునిగింది, మునియప్ప మునిగాడు. నేను కొట్టిన రాళ్ళే ఆయన మీదికి నీళ్ళు తెచ్చాయి. నా జుట్టు మాత్రం నా తల మీదే ఉండిపోయింది.

మా ఇళ్ళలో మొక్కు జుట్టుకు కట్టుబాట్లు ఉన్నాయి. కత్తెర తగలకూడదు. శుభకార్యంలో ముందు నిలబడకూడదు. అన్నిటికన్నా పెద్దది, మొక్కు తీరేదాకా మొగుడూ పెళ్ళాం పక్కలు వేరు. నా చాప తిన్నె మీద, నా భార్య లోపల. ఒక నెల, రెండు నెలలైతే ఎవరైనా ఓర్చుకుంటారు. ఏడాది పోయింది, ఇంకో ఏడాది పోయింది. గడ్డం రొమ్ము మీదికి వచ్చింది. తల జడలు కట్టింది. కొత్తగా వచ్చిన కూలీలు నన్ను "సన్నాసీ" అని పిలిచేవారు. ఒకణ్ణి కొట్టాను కూడా. నా భార్య ఎవరితోనూ ఏమీ అనేది కాదు. పిల్లాపాపా లేరేమని చుట్టుపక్కల ఆడవాళ్ళు అడిగితే ఇంట్లోకి పోయి పొయ్యి ముందర కూర్చునేది. పొయ్యి వెలిగించేది కాదు, ఊరికే కూర్చునేది.

గడ్డ మీద కొత్త మునియప్పను పెట్టారు. ఆ రాయి చెక్కింది నేనే. ముక్కు పెట్టి మరీ చెక్కాను. అక్కడ జుట్టు తీయించమని పూజారి చెప్పాడు. మా మామ చెప్పాడు. నేను ఒకరోజు పంతానికి పోయి ఆ రాతి ముందర కూర్చుని మంగలిని పిలిచాను. మా అత్త పరుగెత్తుకుంటూ వచ్చింది.

"ఏమిరా, నువ్వు చెక్కిన రాయికి నువ్వే జుట్టిస్తావా? నీకు నువ్వే మొక్కుకున్నట్ల కాదా?"

పూజారి పక్కకు పోయాడు. మంగలి పెట్టె సర్దుకున్నాడు.

"మరి ఏం చేయమంటావు? నీళ్ళలో దూకల్లా?" అని అరిచాను.

"ఆయన ఎదురుగా అని మాటిచ్చినా. ఒకరికి చెప్పి ఇంకొకరికి ఇచ్చి, రేపు నీకేమన్నా అయితే? ఒకసారి చూసినా నిన్ను ఆ జ్వరంలో. ఇంకోసారి చూడలేను." ఆమె గొంతు ఎప్పుడూ వణకదు. ఆ రోజు వణికింది. "తీరని మొక్కు, ఆరని పొయ్యి ఇంట్లో పెట్టుకోని నిద్రపోతా ఉండాను అనుకున్నావా?"

ఆ తరువాత మా మామ పోయాడు. అస్థికలు గంగలో కలపాలని మా అత్త పట్టు పట్టింది. కృష్ణగిరిలో చింతపండు మండీ ఉన్న శెట్టి ఒకాయన ఏటేటా కాశీకి జనాన్ని తీసుకుపోయేవాడు. ఆయన గుంపులో మేమిద్దరం చేరాం. కొడుకు లేని ఇల్లు కాబట్టి కర్మ చేయవలసింది నేనే. నా భార్య ఇంట్లో మేకలు చూసుకుంటూ ఉండిపోయింది. జోలార్‌పేటలో రైలెక్కాం. దారి పొడుగునా నాకు మర్యాదే మర్యాద. ఉత్తరాది స్టేషన్లలో నా గడ్డం, జడలు చూసి జనం కాళ్ళకు దండం పెట్టేవారు. ఒక ముసలమ్మ అరటిపండ్లు చేతిలో పెట్టి కళ్ళకద్దుకుంది. శెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు.

"అల్లుడప్పా, నువ్వు మాతో రావద్దు. ఈడనే కూచో. నెల తిరిగేలోపు నీకు మఠం కట్టిస్తారు."

"పండ్లు నువ్వు తింటా ఉండావు, మాటలు నాకా?" అన్నాను. నిజమే, పండ్లన్నీ ఆయనే తిన్నాడు.

కాశీలో రేవు దగ్గర మంగళ్ళు నన్ను చూడగానే ఎగబడ్డారు. కర్మ చేసేవాడు తల గొరిగించుకోవాలని పంతులు గట్టిగా చెప్పాడు. మా అత్త నాకు అడ్డం నిలబడింది. "ఆ జుట్టుకు యజమాని వేరే ఉండాడు," అని శెట్టితో చెప్పించింది. శెట్టి తనకు వచ్చిన హిందీలో ఏం చెప్పాడో తెలియదు. పంతులు నా వైపు ఒకసారి భయంగా చూసి, గొరగకుండానే పని ముగించాడు. మామ గంగలో కలిశాడు. నా గడ్డం నాతోనే ఉంది. కాశీలో కూడా తీరని పీడ ఇంకెక్కడ తీరుతుందని ఆ రాత్రి సత్రంలో గోడవైపు తిరిగి పడుకున్నాను.

తిరుగు రైలుకు ఒక రోజు వ్యవధి ఉంది. శెట్టి అందరినీ జట్కాలు ఎక్కించి సారనాథ్ చూపిస్తానని తీసుకుపోయాడు. కాశీకి ఆ చివర, మామిడితోటల మధ్య ఉంది. నాకు ఎవరి పనీ ఒక పట్టాన నచ్చదు. కానీ అక్కడ ఇటుకా రాయీ కలిపి కట్టిన పెద్ద గుండ్రటి కట్టడం ఒకటి ఉంది, దాని చుట్టూ రాతి మీద తీగలూ పూలూ చెక్కి ఉన్నాయి. దానికి చెయ్యి ఆనించి నిలబడిపోయాను. ఎండకు రాయి వెచ్చగా ఉంది. ఎన్ని వందల ఏళ్ళ కిందటివాడో, ఆ ఉలి పట్టినవాడు నాకన్నా గట్టివాడే. ఈ మాట నేను బతికున్నవాళ్ళ గురించి ఎప్పుడూ అనలేదు.

అక్కడ ఒక్కో దేశం వాళ్ళు ఒక్కో గుడి కట్టుకున్నారు. మొదట చీనా వాళ్ళ గుడి, తరువాత బర్మా వాళ్ళది. రెండు చోట్లా ఒక్క దేవుడే. రెండో గుడిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుని మా అత్త శెట్టిని అడిగింది.

"ఈ ఊర్లో ఈయనొక్కనికే ఇన్ని గుళ్ళా? ఏ గుడిలోనూ పక్కన అమ్మవారు లేదే. పెండ్లాం లేదా ఈయనకు?"

"ఉండె. ఇడిసిపెట్టి వచ్చేసినాడు కదమ్మా. రాజు కొడుకు. ఒక రాత్రి లేచి వచ్చేసినాడు."

"ఆ పిల్ల ఏమాయె?"

"ఏ పిల్ల?"

"ఆ పెండ్లాము."

"నాకేం తెలుసమ్మా? ఈయన కత చెప్తారు గానీ..."

"ఎవురూ అడగలేదా?"

మా అత్త నా వైపు చూసింది. నా గడ్డం వైపు చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. అప్పుడు నాకు ఏమీ తట్టలేదు. ఎండకు అలిసిపోయింది అనుకున్నాను.

మూడోది సిలోను వాళ్ళ గుడి, అన్నిటికన్నా పెద్దది. లోపల బంగారు రంగు విగ్రహం ఉంది. అందరూ దానికి దండం పెట్టి గోడల మీద బొమ్మలు చూస్తున్నారు. మా అత్త మాత్రం పక్క వరండాలోకి పోయింది. అక్కడ పాత రాతి విగ్రహం ఒకటి ఉంది. ఉన్నట్టుండి ఆమె కేక వినబడింది.

"ఒరే! ఈడుండాడు రా!"

పరుగెత్తాను. "ఎవురు?"

"మునియప్ప."

చూశాను. కాళ్ళు మడుచుకుని ఉన్నాడు. చేతులు ఒళ్ళో. సగం మూసిన కళ్ళు, సాగిన చెవులు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు జలదరించింది.

శెట్టి వచ్చాడు. "అమ్మా, ఆయన బుద్ధుడు. పొద్దున్నుంచి చూస్తానే ఉండాము కదా."

"అవి వేరే. ఈయన మా మునియప్ప. నీళ్ళొస్తే మనం గడ్డెక్కితిమి. ఆయన ఊరికే మునిగి కూచుంటాడా? కాశీకి వచ్చేసినాడు."

"అత్తా, మన మునియప్పకు ముక్కు లేదు. ఈయనకు చూడు, ఎట్లుండాదో."

"ఇంత దూరం వచ్చినోడు ముక్కు పెట్టించుకోకుండా ఉంటాడా? కాశీలో పని తెలిసినోళ్ళు ఉండారు. నీ మాదిరి కాదు."

శెట్టి గుంపంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నా పనిని అన్నందుకు ఒకటి, కాశీ దాకా వచ్చి పరువు తీస్తోందని ఒకటి. ఆమె ఇవేమీ పట్టించుకోలేదు. నడుముకున్న సంచిలోంచి చుట్ట తీసి, పళ్ళతో కొస కొరికి, విగ్రహం ముందర పెట్టింది. అగ్గిపెట్టె కోసం వెతుకుతుండగా వెనకనుంచి ఒక బౌద్ధ సన్యాసి వచ్చాడు. పసుపు బట్టలు, నున్నటి గుండు, నాకన్నా కొంచెం పెద్ద వయసు. సిలోనువాడు. మా మాటల్లో తమిళం దొర్లుతుంటే విన్నట్టున్నాడు, తమిళంలోనే పలకరించాడు. ఆయన తమిళం సాగదీసినట్టు ఉండేది. మా అత్త తమిళం మా ఊరి తమిళం. అయినా ఒకరి మాట ఒకరికి బాగానే ఎక్కింది.

"ఇదేమిటమ్మా?"

"సామికి చుట్ట."

"ఈయన చుట్ట తాగడు."

"మా ఊర్లో తాగేవాడు."

సన్యాసి నవ్వు ఆపుకోలేకపోయాడు. చుట్టను మాత్రం కాలితో తోయలేదు, రెండు చేతులతో తీసి మా అత్త చేతిలోనే పెట్టాడు. అప్పుడు ఆమె అంతా చెప్పింది. జ్వరం, మొక్కు, నీళ్ళు, తిన్నె మీద చాప, కూతురు. అల్లుడి సంసారం అందరి ముందరా విప్పి పెడుతుంటే నేను నేల చూపులు చూస్తూ నిలబడ్డాను.

చివరికి అడిగింది. "సామీ, నీ తల నున్నగా ఉండాది. ఆ పక్క తిరిగే సాముల తలలూ నున్నగానే ఉండాయి. జుట్టిచ్చే మొక్కు ఈడ ఉన్నట్టే కదా?"

"మేము తీయించుకునేది మొక్కు కోసం కాదమ్మా."

"మరి ఏమిటికి?"

"బరువు తగ్గడానికి."

"నేనూ అదే కదా సామీ చెప్తా ఉండేది!"

సన్యాసి మళ్ళీ నవ్వాడు. తరువాత, "ఈయన జంతుబలి ఒప్పుకోడు, చుట్ట ఒప్పుకోడు. జుట్టు కూడా అడగడు," అన్నాడు.

"అడగడు సరే. ఇస్తే వద్దంటాడా?"

ఆయన విగ్రహం వైపు తిరిగి చూశాడు. నిజంగా అడిగి కనుక్కుంటున్నట్టే చూశాడు. "వద్దనడు," అన్నాడు.

"ఆ మాట చాలు."

గుడి లోపల కుదరదని ఆయన చెప్పాడు. ప్రహరీ బయట వేపచెట్టు కింద ఒక మంగలి అద్దం తగిలించుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కూచోబెట్టి తీయిస్తానన్నది మా అత్త మొక్కు కాబట్టి, వాణ్ణీ వాడి పెట్టెనూ గేటు దాకా జరిపించింది. అక్కడినుంచి చూస్తే వరండాలో విగ్రహం మొహం కనబడుతుంది. నన్ను ఆ మొహానికి ఎదురుగా కూర్చోబెట్టింది. మొదటి కత్తెర తనే వేసింది. తరువాత మంగలి నీళ్ళు చల్లి కత్తి పెట్టాడు.

ఆ కాసేపూ మా అత్త నా వెనక నిలబడి, విగ్రహం వైపు చూస్తూ పెదవులు కదిపింది. దండకం చదువుకుంటోంది అనుకున్నాను. నాకు అప్పుడు ఇంకేమీ పట్టలేదు. తల మీద గాలి తగిలింది. ఏళ్ళ తరబడి తగలని గాలి. చెంపలు తడుముకున్నాను, గడ్డం కింద తడుముకున్నాను. నా మొహం నాకే దొరికింది. మంగలి అద్దం చూపిస్తే అందులో వాడెవడో నవ్వుతున్నాడు. నాకు తెలియకుండానే నవ్వుతున్నాను. సన్యాసి గేటు దగ్గర నిలబడి తన గుండు తడుముకుని, నా గుండు వైపు వేలు చూపించి తల ఊపాడు. మా ఇద్దరి మధ్యా జరిగిన మాట అంతే.

జుట్టంతా మా అత్త ఒక పాత చీర ముక్కలో మూట కట్టింది. "ఈడనే ఇచ్చేస్తివి కదా, మళ్ళీ మూట ఏమిటికి?" అన్నాను. "ఉండనీ," అంది. రైల్లో ఆ మూట తల కింద పెట్టుకునే పడుకుంది.

ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. మా అత్త దారిలో ఎవరితోనో మాటల్లో పడింది, నేను ముందు పోయాను. వాకిట్లో నా భార్య మేకలకు ఆకు వేస్తోంది. నన్ను చూసి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవురు కావల్లప్పా? మా ఇంటాయన కాశీకి పోయినాడు. ఇంకా రాలే."

తిన్నె మీద మడిచిపెట్టి ఉన్న నా చాప తీసి చంకలో పెట్టుకుని, గడప దాటి లోపలికి పోయాను. అప్పుడు ఆమెకు తెలిసింది. చేతిలో ఆకు కిందపడింది, మేకలు ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి.

కాశీకి పోయినవాళ్ళు తమకు ఇష్టమైనది ఒకటి వదిలి రావాలంటారు. ఊళ్ళో ఆడవాళ్ళు చేరి, "ఏమి ఇడిసిపెట్టి వచ్చినావమ్మా?" అని అడిగితే మా అత్త, "మా అల్లుని గడ్డం. దానికన్నా నాకు ఇష్టమైంది ఏముండాది?" అనేది. మరుసటి ఏడు మా పెద్దవాడు పుట్టాడు. వాడికి ఏ దేవుడి పేరు పెట్టిందో మీరే ఊహించుకోండి. ఈ హోసూరు ఇల్లు వాడిదే.

ఇంతటితో ఆగితే ఇది మంచి నవ్వులాట కథ. నేనూ చాన్నాళ్ళు అలాగే చెప్పుకు తిరిగాను, కాశీలో బుద్ధుణ్ణి మునియప్ప అనుకున్న మా అత్త అని. కొన్నేళ్ళకు వానలు తప్పాయి. ఎండాకాలం ఆనకట్ట వెనక నీళ్ళు దిగిపోయాయి. మోడులైన చింతచెట్లు బయటపడ్డాయి. ఒకరోజు మేకలు మేపేవాడు వచ్చి మునియప్ప కనబడుతున్నాడని చెప్పాడు. మా అత్త కోడిని చంకలో పెట్టుకుని బయలుదేరింది. నేను వెంట పోయాను. నెర్రెలిచ్చిన బురద మీద నడిచి పోయి చూశాం. అదే కూర్చోవడం, అవే చెవులు. తల మీద ఎండిన పాచి జుట్టులా అతుక్కుని ఉంది. ముక్కు లేదు.

నేను నవ్వాను. "అత్తా, ఈయన ఈడనే ఉండాడే. కాశీకి పోనే లేదే!"

"యాడికి పోతాడు? బండ కదా," అంది ఆమె, పాచి గోకుతూ.

నా నవ్వు ఆగింది. "అయితే ఆ పొద్దు..."

"నాకు తెలీదనుకున్నావా? పుట్టినింటి నుంచి వచ్చినప్పటినుంచీ ఈయన మొగం కడగతా ఉండాను. ముక్కు ఉండేదీ లేనిదీ తెలీదా నాకు?"

"మరి ఏమిటికి చెప్పినావు?"

ఆమె పని ఆపలేదు. "ఆ రాజు కొడుకు పెండ్లాము ఏమాయెనని అడిగితిని. ఎవురికీ తెలీలే. నా బిడ్డను కూడా రేపు ఎవురూ అడగరు అనుకున్నా. ఎవురో ఒకరు ఆ రాయిని మునియప్ప అని పిలవల్ల కదరా. నేను పిలిచినా."

"మొక్కు తప్పితే నాకేమన్నా అవుతాదని భయపడతా ఉంటివే?"

"నీకు కాకుండా చెప్పుకున్నా. ఇది తప్పయితే నా మీద పెట్టుకో, వాని జోలికి పోవద్దు అని. నీకు కత్తి పెట్టినప్పుడే చెప్పేసినా." అప్పుడు నా వైపు తిరిగింది. "జుట్టు కూడా తెచ్చి ఈ నీళ్ళలోనే వదిలినా. ఆయనకు చేరింటాది. నువ్వేమీ పెట్టుకోవద్దు మనసులో."

పెట్టుకోకుండా ఎలా ఉంటాను? ఆ రోజు నుంచి ఆమె దగ్గితే నాకు నిద్ర పట్టేది కాదు. కాలు బెణికినా, కంటిలో నలుసు పడినా, నా జుట్టుకు బదులు మునియప్ప ఆమెను అడుగుతున్నాడేమో అనిపించేది. ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఒకసారి ఆమెకు జ్వరం వస్తే కృష్ణగిరి ఆసుపత్రి వరండాలో మూడు పూటలా తిండి లేకుండా కూర్చున్నాను. కళ్ళు తెరిచి నన్ను చూసి, "ఏమిరా, మొగం అట్ల పెట్టుకున్నావు? మునియప్ప నా పేరు మరిచిపోయినట్టుండాడు, పో, తిను," అంది. ఆమెకు అంతా తెలుసు.

అలా ఏళ్ళు గడిచాయి. నాకు మోకాళ్ళు పోయాయి, ఆమెకు పోలేదు. తొంభై దాటాక కూడా తన ఆకు తనే దంచుకునేది. మా మనవడు, కాలేజీ చదువు చదివినవాడు, మా పాత మునియప్ప కూడా ఒకప్పుడు బుద్ధుడే అయి ఉంటాడని ఆమెతో అన్నాడు. ఆమె ఆకు నములుతూ, "అయితే ఇద్దరూ మాట్లాడుకోనుంటారులే," అంది.

ఇప్పుడు ఫోన్‌లో నా భార్య చెప్పిన మాటలు మళ్ళీ చదువుకోండి. సంగటి తింది. మొగంలో ఒక్క గీత లేదు. పొద్దున్నే వేసుకోవాలని ఆకు మడిచి పెట్టుకుంది. ఏ దేవుడూ ఏదీ వసూలు చేసుకోలేదు. నా తల మీదిది తన తల మీదికి ఎత్తుకుని, దాంతోనే నిండుగా బతికి, తేలిగ్గా పోయింది. నేను అమ్మయ్య అన్నది అందుకు.

కొడుకు లేని ఇల్లు కాబట్టి ఈసారి కూడా కర్మ చేసింది నేనే. ఆనకట్ట నీళ్ళ ఒడ్డున, గడ్డ మీద, మంగలి ముందర కూర్చున్నాను. ఎటు తిరిగి కూర్చోమంటారని మంగలి అడిగాడు. నీళ్ళ వైపు అన్నాను. కత్తి ఆడుతుంటే తల మీద మళ్ళీ ఆ గాలే తగిలింది. లేచి వెనక్కి తిరిగితే నా భార్య నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. నా గుండు చూసి కొంగు తల మీదికి లాక్కుంది.

"ఎవురు కావల్లప్పా?" అంది.

ఇద్దరం నవ్వాం. చుట్టాలు ఏమనుకున్నారో తెలియదు.

వెంట్రుకలు పోగు చేసి నీళ్ళలో వదిలాను. అన్నీ తెల్లవి. మునగలేదు. చింతతోపు ఉన్న దిక్కుకు గాలి మెల్లగా వాటిని తోసుకుపోతూ ఉంది. అవి కనబడినంతసేపూ ఒడ్డునే నిలబడ్డాం.